బేస్ కేస్ లేని రికర్షన్

ఫ్రెండ్స్, ఈ సంచికలో మనం చూసే మాట "ద్వంద్వ నీతి". నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివిన వాళ్ళకి హిపోక్రసీ అంటే తొందరగా అర్థమవుతుంది. ఉదాహరణకి మన దేశంలో స్వలింగ వివాహాల మీద జరిగిన చర్చని తీసుకుందాం.

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి పెళ్ళిళ్ళు వద్దు అనడం ద్వంద్వ నీతి కాదు. అది ఒక అభిప్రాయం, దానితో వాదించొచ్చు. కారణం చెప్పి అభిప్రాయం మార్చుకోవడమూ తప్పు కాదు. ఒక చోట గట్టిగా చెప్పిన సూత్రాన్ని, అది తనకే అడ్డమొచ్చిన చోట పక్కన పెట్టేయడమే ద్వంద్వ నీతి.

ఇప్పుడు తేదీలు వరసగా చూద్దాం.

2013 డిసెంబరులో సుప్రీంకోర్టు 377 సెక్షన్ చెల్లుతుందని, కావాలంటే పార్లమెంటు దాన్ని మార్చుకోవచ్చని చెప్పింది. 2015 డిసెంబరులో శశి థరూర్ ఆ మార్పు కోసమే లోక్‌సభలో ప్రైవేట్ మెంబర్ బిల్లు తెచ్చారు. ప్రవేశపెట్టే దశలోనే ఓటింగ్ జరిగింది. అనుకూలం 24, వ్యతిరేకం 71. అంటే చర్చలో ఓడిపోలేదు, చర్చ దాకా రానివ్వలేదు. 543 సీట్లున్న సభలో ఓటు వేసినవాళ్ళు వంద మంది కూడా లేరు. 2016 మార్చిలో మళ్ళీ తెస్తే మళ్ళీ అదే జరిగింది.

2018లో 377 కేసు మళ్ళీ కోర్టుకొచ్చింది. అప్పుడు కేంద్రం ఆ విషయాన్ని కోర్టు విజ్ఞతకే వదిలేస్తున్నామంది. సెప్టెంబరు 6న కోర్టు తీర్పు ఇచ్చింది, అది నేరం కాకుండా పోయింది.

2023లో పెళ్ళి కేసు వచ్చింది. హైదరాబాద్‌లో ఉండే ఒక జంట వేసిన పిటిషన్ ఇందులో ముఖ్యమైనది. ఈసారి అదే కేంద్రం, ఇది కోర్టు పని కాదు, పార్లమెంటు తేల్చాలి అంది. అక్టోబరు 17న ఐదుగురు జడ్జీల బెంచ్ కూడా చట్టం చేయాల్సింది పార్లమెంటే అంది. మరి పార్లమెంటులో? ప్రత్యేక వివాహ చట్టాన్ని సవరించాలని 2022లోనే సుప్రియా సూలే బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. 1970 తర్వాత ఏ ప్రైవేట్ మెంబర్ బిల్లూ చట్టం కాలేదు. కాబట్టి "పార్లమెంటు చూసుకుంటుంది" అంటే నిజానికి ప్రభుత్వం తలుచుకోవాలి అని అర్థం.

మన కోడింగ్ భాషలో చెప్పాలంటే, రెండు ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి, బేస్ కేస్ లేదు.

ఇది ఒక్క పార్టీ జబ్బు అనుకోకండి. 2023లో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం వ్యతిరేకించాయి. అప్పుడు అక్కడ ఉన్నవి వైసీపీ, కాంగ్రెస్, బీజేపీ ప్రభుత్వాలు. బయట ఏ విషయంలోనూ కలవని పార్టీలు ఇక్కడ కలిశాయి. 2024 మేనిఫెస్టోలో కాంగ్రెస్ ఇలాంటి జంటల సివిల్ యూనియన్లకి చట్టం తెస్తామంది. మంచిదే. కానీ ఏడాదిలో ఏం మారిందో చెప్పాల్సిన బాధ్యత కూడా ఆ పార్టీదే.

ఈ తిరుగుడులో నలిగేది ఎవరు? పదేళ్ళు కలిసి బతికినా, భాగస్వామి వీలునామా రాయకుండా చనిపోతే రెండో వ్యక్తికి వారసత్వం రాదు. జాయింట్ బ్యాంక్ అకౌంట్‌కి అడ్డేమీ లేదని కేంద్రం చెప్పడానికే 2024 ఆగస్టు దాకా పట్టింది. మన క్లాసులోనూ ఇవన్నీ మౌనంగా వినేవాళ్ళు ఉండొచ్చు. జోకులేసేటప్పుడు అది గుర్తుంటే చాలు.

చివరిగా చిన్న అసైన్‌మెంట్. ఈసారి ఏ నాయకుడైనా ఈ విషయం మీద మాట్లాడితే, మీరు ఏ పక్షమైనా సరే, రెండు ప్రశ్నలు వేసి చూడండి. ఇదే సూత్రాన్ని నిరుడు కూడా చెప్పాడా? "ఇక్కడ కాదు, అక్కడ" అంటే, అక్కడికి వెళ్ళినప్పుడు తలుపు తీశాడా? జవాబులు మీరే రాసుకోండి.