బోరుబావి ఆట నేర్పే పాఠం

బ్నీద్ అల్ గార్ నుండి సముద్రతీరం వెంట కొంత దూరం నడిస్తే కువైట్ టవర్స్ చేరుతాము. 1979లో ప్రజల సందర్శనకు తెరచిన ఆ గోపురాల గోళాలలో మంచినీరు నిలువ చేస్తారన్నది పాఠకులకు విదితమే. నది లేని ఈ దేశానికి ఒకప్పుడు షత్ అల్ అరబ్ నుండి పడవలపై నీరు వచ్చేది. 1953లో షువైఖ్‌లో సముద్రజలాన్ని మంచినీటిగా మార్చే కర్మాగారం పనిచేయనారంభించింది. ఇచ్చట ప్రతి చుక్కకూ లెక్క ఉన్నది. మన ఊళ్ళలో నేల క్రింది నీటికి ఆ లెక్క లేదు. మాది కడప జిల్లా. నేను పంపిన సొమ్ముతో వేయించిన బోరు రెండేళ్ళకే ఎండినది. మరింత లోతుగా వేయించాము. ఆ వేసవిలో పొరుగు రైతు బోరు ఎండినది!

అందరికీ చెందిన వనరును ఎవరి మేలు వారు చూచుకొని వాడితే అది అందరికీ దక్కకుండా పోతుందని గారెట్ హార్డిన్ 1968లో హెచ్చరించాడు. ప్రజలు తామే నియమాలు ఏర్పరచుకొని అట్టి వనరులను కాపాడుకొనగలరని ఎలినార్ ఆస్ట్రమ్ నిరూపించి, 2009లో నోబెల్ బహుమతి పొందినది. అయితే ఈ సత్యాన్ని గ్రామస్థులకు బోధించుట ఎట్లు?

రసాయన శాస్త్రంలో పెద్ద పాత్రలో జరుపబోయే చర్యను ముందుగా పరీక్షనాళికలో జరిపి చూస్తాము. అక్కడ పొరపాటు జరిగినా నష్టం స్వల్పం. అనుకరణ క్రీడలు సమాజానికి అట్టి పరీక్షనాళికలు. ఒక చిన్న ఉదాహరణ నేనే కల్పించి చెబుతాను.

ఒక గిన్నెలో 50 చింతగింజలు వేయండి. అదే భూగర్భజలం. ఆడేవారు అయిదుగురు రైతులు. వేరుశనగకు ఏటా 1 గింజ ఖర్చు, ఆదాయం 2 రూపాయలు. వరికి 3 గింజలు ఖర్చు, ఆదాయం 5 రూపాయలు. ఏటి చివర వాన వలన 5 గింజలు తిరిగి చేరుతాయి. కోరినంత నీరు గిన్నెలో లేకపోతే బోర్లు ఎండినట్లే, ఆట ముగిసినట్లే.

అందరూ వరి వేస్తే ఏటా 10 గింజలు తరుగుతాయి. అయిదవ ఏట 15 కావలసి ఉండగా పదే మిగులుతాయి. ఒక్కొక్కరికి దక్కినది 20 రూపాయలు. అందరూ వేరుశనగ వేస్తే తరుగుదల లేదు. పదవ ఏట ఆదాయం సమానమై, పదకొండవ ఏట మించిపోతుంది. ఇక చిక్కు గమనించండి: నలుగురు నిగ్రహం పాటించగా ఒక్కడు వరి వేస్తే, లాభం అతని ఒక్కనికే, తరుగు అయిదుగురికీ!

ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో పరిశోధకులు పంటల ఎంపికపై ఇట్టి ఆటనే ఆడించి, పిదప ఊరివారందరితో చర్చ జరిపారు. మరుసటి సంవత్సరం ఆటను కొంత మార్చి మరల ఆడించారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆటగాళ్ళు పరస్పరం మాట్లాడుకొనుట మొదటి ఏట పెద్దగా ఫలించలేదు. రెండవ ఏట ఫలించినది. ఆట ఆడిన గ్రామాలలో నీటి పుస్తకాలు, వాడకపు నియమాలు పెట్టుకొన్నవి ఇతర గ్రామాల కన్న ఎక్కువ నిష్పత్తిలో ఉన్నాయి. అయినను ఆటలు మాత్రమే భూగర్భజలాన్ని కాపాడలేవని వారే స్పష్టం చేశారు.

ఆటకు కొలత తోడు కావాలి. 2000 దశకంలో కరువు జిల్లాలలో రైతులే వర్షపాతాన్ని, బావులలో నీటిమట్టాన్ని కొలిచి, ఉన్న నీటికి తగిన పంటలు నిర్ణయించుకొను పద్ధతిని ఒక పథకం నేర్పినది. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క తెలిసిన రైతు తానే నిర్ణయించుకొన్నాడు.

కావున సభ్యులకు నా విన్నపం. ఒక శుక్రవారం మన పిల్లలతో కలిసి ఈ గింజల ఆట ఆడుదాము. మొదట మాటలు లేకుండా, తరువాత మాట్లాడుకొని ఆడి, తేడా గమనిద్దాము. సెలవులకు ఊరికి వెళ్ళినపుడు రచ్చబండ వద్ద ఆడిద్దాము. ఇంకొక బోరుకు సొమ్ము పంపే ముందు, గిన్నెలో ఎన్ని గింజలు మిగిలాయో అడుగుట మన కర్తవ్యం.