చలిలో వణికే మూగజీవి – మన బాధ్యత

డిసెంబరు, జనవరి నెలల్లో కోనసీమలో ఫజ్ర్ వేళకు మంచు దట్టంగా కమ్ముకుంటుంది. నగరం లాంటి ఊళ్లలో నమాజుకు బయల్దేరినప్పుడు అరుగుల పక్కన, పొయ్యి బూడిదలో ముడుచుకొని పడుకున్న కుక్కలు కనిపిస్తాయి. మనలో కొందరు వాటి మీద రాయి విసురుతారు, కొందరు చన్నీళ్లు కుమ్మరిస్తారు. అదేమంటే కుక్క నజిస్ కదా అంటారు.

పరిశుభ్రత వేరు, కారుణ్యం వేరు. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని, అందులో ఒకసారి మట్టితో రుద్దాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. వేటకు, పశువుల మందకు, పొలం కాపలాకు తప్ప కుక్కను పెంచితే పుణ్యఫలం తరుగుతుందని హెచ్చరించారు. ఇవి మనం పాటించవలసినవే. కాని దాన్ని హింసించమని వీటిలో ఎక్కడా లేదు.

దాహంతో తడిమట్టి నాకుతున్న కుక్కను చూసి ఒక వ్యక్తి బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్లు నింపి తెచ్చి తాగించాడు. అల్లాహ్ అతని పాపాలను క్షమించాడు. పశువుల విషయంలోనూ పుణ్యముంటుందా అని సహచరులు (రజి) అడిగితే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ఉంటుందని ప్రవక్త (సఅసం) తెలిపారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. దాహం తీర్చడం పుణ్యమైతే, చలి నుంచి కాపాడటం పుణ్యం కాదా?

కహఫ్ సూరాలో గుహవాసుల కుక్క గుహ ముంగిట ముందుకాళ్లు చాచి ఉన్నట్లు అల్లాహ్ తెలిపాడు. మనం కూడా దానికి ఇంటి బయటే చోటివ్వవచ్చు.

పశువుల పాక చూరు కింద, గాలి తగలని మూల నేల మీద చెక్క వేసి, పైన ఎండుగడ్డి పరిస్తే చాలు. గోనెసంచి తడిస్తే చలి ఇంకా పెరుగుతుంది, మార్చాలి. పుట్టిన మొదటి రెండు వారాలు కుక్కపిల్లలు ఒంటి వేడిని నిలుపుకోలేవు కనుక తల్లి నుంచి వేరు చేయరాదు. మిగిలిన అన్నం, నీళ్లు వాటికై కేటాయించిన పాత్రలో పెట్టాలి. బండి తీసేముందు కింద చూడాలి.

పిల్లల తల్లి దగ్గరకు మన పిల్లల్ని పంపకూడదు. కుక్క కరిచినా, గీరినా గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

నోరులేని జీవుల పట్ల దయ చూపే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.