ట్రాన్స్‌ఫార్మర్‌కు నూనె ఎందుకు?

"ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరిగే చక్రం ఒక్కటీ లేదు గదా, మరి దానికి నూనె ఎందుకు మాష్టారూ?" అని మా గురజాల వైపు రైతులు నన్ను అడుగుతూ ఉంటారు. చాలా మంచి ప్రశ్న. మన విద్యార్థులైతే "బంధకంగా, చల్లబరచడానికి" అని రెండు ముక్కల్లో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ రెండు ముక్కల వెనుక ఒక రైతు పంట ఉందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పొలాల్లోని ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను 433 వోల్టులకు దించి మోటార్లకు అందిస్తుంది. లోపల ఇనుప రేకుల కోర్, దాని మీద తీగ చుట్లు, చుట్ల మధ్య కాగితం ఉంటాయి. ఇదంతా పెట్రోలియం నుంచి తీసిన ఖనిజ తైలంలో మునిగి ఉంటుంది.

నూనె మొదటి పని విద్యుత్తు దూకకుండా ఆపడం. రెండు లోహపు గుండ్ల మధ్య 2.5 మిల్లీమీటర్ల సందు ఉంచి దీన్ని పరీక్షిస్తారు. ఆ సందులో గాలి ఉంటే 7, 8 కిలోవోల్టులకే నిప్పురవ్వ దూకుతుంది. శుద్ధి చేసిన కొత్త నూనె 60 కిలోవోల్టులను కూడా ఆపుతుంది. వాడకంలో ఉన్న నూనె బలం 30కి తగ్గకూడదు.

రెండో పని చల్లబరచడం. చుట్ల వేడికి నూనె తేలికై పైకి పోతుంది, పక్క గొట్టాలలో చల్లబడి కిందికి దిగుతుంది. పంపూ లేదు, ఫ్యానూ లేదు. అయితే ఈ వేడి బయటి గాలి వేడిమి మీద అదనంగా ఎక్కుతుంది. నూనె 40 డిగ్రీలు ఎక్కిందనుకుందాం. గాలి 30 డిగ్రీలున్న రోజున అది 70 అవుతుంది. మన పొరుగున రెంటచింతలలో 45 డిగ్రీలు కాసే రోజున 85 అవుతుంది. 6 నుంచి 8 డిగ్రీలు పెరిగినప్పుడల్లా కాగితం ఆయువు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. అంటే ఆ ఎండలో కాగితం సుమారు నాలుగు రెట్లు వేగంగా చివుకుతుందన్నమాట! దీనికి తోడు అనుమతి లేని మోటార్ల భారం కూడా పడితే చెప్పనక్కర లేదు.

నూనెకు అసలు శత్రువు నీరు. కొత్త నూనెలోనైనా తేమ అతి స్వల్పంగానే ఉండాలి. రాత్రి లోడు తగ్గి నూనె చల్లబడితే అది ముడుచుకుని బయటి గాలిని పీలుస్తుంది. ఆ గాలిలోని తేమను బ్రీదర్‌లోని సిలికాజెల్ పట్టుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు నీలంగా ఉండే ఆ గింజలు తేమ నిండితే గులాబీ రంగుకు తిరుగుతాయి. అప్పుడు మార్చకపోతే తేమ నూనెలోకి, అక్కడి నుంచి కాగితంలోకి చేరుతుంది. నూనెను వడకట్టి ఆరబెట్టవచ్చు. చివికిన కాగితాన్ని బాగుచేయలేము, చుట్లు విప్పి మళ్లీ చుట్టవలసిందే.

నూనె రోగాన్ని ముందే చెబుతుంది కూడా. లోపల నిప్పురవ్వ లేస్తే నూనె విరిగి వాయువు బుడగలు పుడతాయి. 1921లో జర్మన్ ఇంజనీరు మాక్స్ బుక్‌హోల్జ్ ఈ బుడగలతోనే హెచ్చరిక గంట మోగించే రిలేకు పేటెంటు పొందాడు. సబ్‌స్టేషన్లలోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు ఆ కాపలా ఉంది. పొలంలోని చిన్నదానికి లేదు. దాని కాపలా మనమే.

నూనె కారి మట్టం తగ్గితే పైచుట్లు గాలిలోకి తేలతాయి, కాలిపోతాయి. రాగి కోసం రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్‌ను పగలగొట్టే దొంగ నూనెను మట్టిపాలు చేసి పోతాడు. రెండింటికీ ఫలితం ఒక్కటే: బోరు ఆగుతుంది, మిరప తోట వాడుతుంది.

మిత్రులారా, సెలవులకు ఊరు వెళ్లినప్పుడు కంచె బయటి నుంచే ఒకసారి చూడండి. ముట్టుకోవద్దు. గింజలు గులాబీ రంగుకు తిరిగాయా? ట్యాంకు మీద, కింద నేల మీద నూనె మరక ఉందా? ఉంటే లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912కు ఫోన్ చేయండి. చదివిన చదువుకు అంతకంటే దగ్గరి ప్రయోజనం మరొకటి ఉండదు.