శుభ్రం వేరు, స్టెరిలైజేషన్ వేరు

ఆపరేషన్ కత్తెరను సబ్బునీళ్లతో రుద్ది కడిగితే నెత్తుటి మరక, జిడ్డు పోతాయి. సూక్ష్మజీవులు తగ్గుతాయి గానీ అంతం కావు. ఇది క్లీనింగ్. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు: మురికి మిగిలితే ఆ తర్వాత వాడే క్రిమినాశక మందు సరిగా పనిచేయదు.

బ్లీచింగ్ ద్రావణం వంటి వాటితో రోగకారక క్రిములను చాలావరకు చంపడం డిసిన్ఫెక్షన్. కొన్ని బ్యాక్టీరియా గట్టి పొరతో ఏర్పరచుకునే మొండి రూపాలైన స్పోర్లు దీన్ని తట్టుకోగలవు. కొన్ని మరిగే నీళ్లకూ లొంగవు.

స్పోర్లతో సహా సమస్తాన్నీ నిర్మూలించేదే స్టెరిలైజేషన్. 1879లో చార్లెస్ చాంబర్‌లాండ్ రూపొందించిన ఆటోక్లేవ్ ఇందుకు ప్రధాన సాధనం. చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనంతో, 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిని కనీసం 15 నిమిషాలు పట్టించాలి.

చాలామంది తికమకపడేది పాశ్చరైజేషన్ దగ్గర. పాలను 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడిచేస్తే రోగకారక క్రిములు చస్తాయి, స్పోర్లు మిగులుతాయి. అందుకే ఆ పాలను ఫ్రిజ్‌లోనే ఉంచాలి.