తెలుగు కథలో తల్లి పలుకు

ఆధునికాంధ్ర కథాసాహిత్యమున మాతృపాత్రను గూర్చి జరిగిన చర్చలలో ఒక లోపము తరచుగా కనబడుచున్నది. విమర్శకులు తల్లులను త్యాగమయులనియు స్వార్థపరులనియు వేరుచేసి లెక్కించుటతో తృప్తి చెందుచున్నారు. ఈ లెక్క వలన తేలునది స్వల్పము. సంప్రదాయమునకు లొంగని తల్లి మన సాహిత్యమునకు క్రొత్త కాదు. కన్యగా కన్న బిడ్డను పెట్టెలో నుంచి యేటిపాలు చేసిన కుంతి నన్నయ నాటికే తెలుగున నున్నది. తిక్కన ఉద్యోగపర్వమున ఆమె కర్ణుని కడకేగి తన రహస్యమును తానే వెల్లడించును. అయితే ఆ వెల్లడి తక్కిన కొడుకుల ప్రాణరక్షణకై చేసినది. ఆమె తనకై పలికిన పలుకు ఆ ఘట్టమున వెదకినను దొరకదు. తల్లిని గూర్చి ఎవరు చెప్పుచున్నారు, ఎవరి కొరకు చెప్పుచున్నారు అను ప్రశ్న వేసికొని ఇటీవలి కథలను చదివినచో వానిలోని అసలు మార్పు తెలియగలదు.

'అమ్మ' యనునది బిడ్డ నోటి మాట. మన కథలలో పెక్కింట తల్లి ఈ పిలుపు వైపు నుండియే రూపొందినది. 1946-47లో ధారావాహికగా వెలువడిన బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది' ఇందుకు ముఖ్యోదాహరణము. దయానిధి జీవితమంతయు తల్లి నడవడిని గూర్చిన అపవాదు నీడలో నడచును. ఆమె నిజముగా ఏమి చేసినది? ఎవరిని ప్రేమించినది? ఎందుకు? పాఠకునకు స్పష్టముగా తెలియదు. లోకుల గుసగుసలు తెలియును. వానిచే కొడుకు మనస్సున పడిన గాయము తెలియును. శీలమును శంకింపబడిన తల్లిని నవలకు మూలముగా నిలుపుట ఆ కాలమున సాహసమే. కాని ఆ సాహసము యొక్క ఫలము కొడుకునకు దక్కినది. తల్లి అతని తాత్త్వికాన్వేషణమునకు కారణమై, అంతటితో నిలిచిపోయినది.

దీని ప్రక్కన చాసో కథ 'ఏలూరెళ్ళాలి' నుంచి చూడవలెను. ముసలి భర్తకు పడుచు భార్యయైన మాణిక్యమ్మ, ఆయన పోయినచో సవతి కొడుకు తన్ను వీధిలోనికి నెట్టునని యెరుగును. తనకొక బిడ్డ యున్నచో ఆస్తిలో నిలువనీడ దొరకును. ఆ బిడ్డను ఒక పరాయి యువకుని వలన కనును. ఏండ్ల తరువాత రైలులో తారసపడిన ఆ యువకునితో జరిగినదంతయు ఆమెయే చెప్పును. ఈ చెప్పుటలో పశ్చాత్తాపము లేదు, గర్వమును లేదు. బ్రతుకు లెక్క సరిచూచుకొన్న గృహిణి నెమ్మది యున్నది. హిందూ కుటుంబమున స్త్రీకి ఆస్తిహక్కు మిక్కిలి పరిమితమైన కాలమది. మాతృత్వమను పవిత్రపదము క్రింద దాగియున్న ఆర్థిక సత్యమును చాసో ఒక్క వ్యాఖ్యానవాక్యమైనను వ్రాయక బయటపెట్టినాడు. పురుషుడు వ్రాసిన కథలలో తల్లి ఇంత నిస్సంకోచముగా మాటాడినది అరుదు. వినువాడు మాత్రము ఇచ్చటను పురుషుడే, కథకుడును అతడే.

పి. సత్యవతి కథ 'ఇల్లలకగానే' అందరెరిగినదే. ఇల్లలుకుచు పేరు మరచిన ఈగ కథను మన పిల్లలందరును విన్నారు గాని, ఆ ఈగ ఒక ఇల్లాలు కావచ్చునని సత్యవతికి ముందు ఎవరికి తోచినది? పేరేమని అడిగిన తల్లికి పిల్లలు చెప్పు సమాధానము 'అమ్మ' అనియే. అంతకు మించిన పేరు ఆమెకు ఉండవలెనన్న ఊహయే వారికి లేదు. ప్రేమయే పేరును తుడిచిన గుడ్డ యగుట ఈ కథలోని భయంకరాంశము. చివరకు చిన్ననాటి స్నేహితురాలు శారద యని పిలువగానే సమస్య తీరిపోవుట కొంత సుళువైన ముగింపే. దొరికిన పేరుతో మరునాడు ఆ యింటిలో ఆమె ఎట్లు బ్రతికినదో కథ చెప్పదు.

అదే రచయిత్రి 'దమయంతి కూతురు' ఇంతకంటె లోతైనది. ఇల్లు విడిచిపోయిన తల్లి యొక్క కూతురు, తన పేరుతో గాక 'దమయంతి కూతురు' గనే లోకమున చలామణి యగును. దయానిధి భారమే ఈమె భారమును. అయితే కొడుకు తల్లి కళంకమును తన విధిగా భావించి దానితో పెనగులాడగా, కూతురు ఆ తల్లి ఎందుకు పోయియుండునో ఊహింప యత్నించును. తానును స్త్రీయే గావున ఒకనాడు అదే ద్వారము ముందు తాను నిలువవలసి రావచ్చును. పలు దశాబ్దముల యెడముతో వచ్చిన ఈ రెండు రచనలను జంటగా బోధించిన గాని రెండింటి బలమును పూర్తిగా తెలియదు. అయినను దమయంతి స్వయముగా మాటాడదు.

మాటాడినది ఓల్గా రేణుక. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందిన 'విముక్త' సంపుటములోని 'సైకత కుంభం' కథ ఆమెది. పురాణమున జమదగ్ని యాజ్ఞాపింపగా పరశురాముడు తల్లిని నరకును; వరముచే ఆమె మరల బ్రతుకును. అటుపై ఆమె యేమనుకొన్నదో పురాణమునకు అక్కరలేకపోయినది. కొడుకు గొడ్డలి మెడపై పడిన తల్లి, బ్రతికి లేచిన పిదప ఆ కొడుకును ఏ కన్నులతో చూచును? ఓల్గా ఈ ప్రశ్నతో మొదలిడినది. ఆమె రేణుక పాతివ్రత్యమును ఇసుక కుండతో పోల్చును. భర్తయే లోకమనుకొన్నట్లే కొడుకులే లోకమనుకొనుటయు మోసపోవుటయే యని సీతకు చెప్పును. సీతకు అప్పుడది రుచింపదు. రేణుక పలుకులు అక్కడక్కడ సభలో వాదము వలె వినిపించుట ఈ కథలోని దోషము. కాని వేలయేండ్లు మౌనముగా నుంచబడిన పాత్ర మొదటిసారి నోరు తెరచినప్పుడు స్వరము కొంత హెచ్చుట సహజము.

సోదరభాషలలోను ఈ ధోరణి కానవచ్చును. 1985లో అకాడమీ పురస్కారము నందిన కుందనికా కాపడియా గుజరాతీ నవల 'సాత్ పగలాఁ ఆకాశ్‌మాఁ' నాయిక వసుధ, సంసారబాధ్యతలు తీర్చిన పిదప ఇల్లు విడుచును. మహాశ్వేతాదేవి 'స్తనదాయిని' వంగభాషలో వేరు మార్గము తొక్కినది: అందలి జశోద పాలిచ్చుటయే కూలిపనిగా బ్రతికి, ఆ స్తనముల రోగముతోనే మరణించును. వసుధకు విడుచుటకు ఇల్లున్నది; జశోదకు అదియు లేదు.

ఈ భేదము గుజరాతులోనే, సూరత్ నగరములోని ఉధ్నా వీధులలో మరింత స్పష్టమగును. జలగాం నుండి వచ్చు రైలుమార్గము ప్రధానమార్గముతో కలియు కూడలి యిది. ఉధ్నా, లింబాయత్ ప్రాంతముల మరమగ్గములను నమ్ముకొని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమల పద్మశాలి కుటుంబములు అనేకము ఇచ్చట స్థిరపడినవి. సిరిసిల్లలో మరమగ్గమును సాంచె యందురు. గుజరాతీలో యంత్రమును చెప్పు 'సంచో' శబ్దమునకు ఇది చుట్టమే కాబోలు. మగవారు సాంచెల కడ నుండగా స్త్రీలు ఇంటనే చీరల దారములు కత్తిరించుచు, రాళ్ళు అంటించుచు, చీరకింతయని కూలి పొందుదురు. ఒడిలో చీర, ప్రక్కన బిడ్డ. ఎంతవరకు తల్లితనము, ఎచ్చట కూలి మొదలు అని వేరుచేయుట అసాధ్యము. ఇల్లు విడుచుటయా నిలుచుటయా యను 'దమయంతి' ప్రశ్న ఇచ్చటి స్త్రీకి ఆ రూపమున ఎదురుకాదు. ఊరిని ఆమె ముందే విడిచి వచ్చినది, ఇల్లు ఆమె కూలిపై గూడ నిలిచియున్నది.

ఈమెకు దగ్గరగా వచ్చినది గోగు శ్యామల కథ 'ఏనుగంత తండ్రికన్న ఏకులబుట్టంత తల్లి నయం'. సామెతనే పేరుగా గొన్న ఈ తెలంగాణ దళిత కథలో తల్లి మహిమ వర్ణన లేదు, పని యున్నది. ఏకులనగా వడకుటకు సిద్ధము చేసిన దూది చుట్టలు. వానిని నింపిన బుట్ట చూచుటకు పెద్దది, ఎత్తిన తేలిక. కృత్రిమపు నూలు నేయు ఉధ్నాలో ఏకులు లేవు, బుట్టయు లేదు. సామెత మాత్రము ముసలివారి నోట మిగిలియుండవచ్చును.

ఇచ్చట మరియొక చిక్కు కలదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున గూడ పాఠశాలలు నడపుచు వచ్చినది. అయినను వీధిలో హిందీ, బజారులో గుజరాతీ. తల్లి తెలుగున అడిగిన ప్రశ్నకు బిడ్డ హిందీలో బదులిచ్చుట వలస కుటుంబములలో సామాన్యము. ఇంతవరకు మన తల్లులను ఎక్కువగా బిడ్డలే వ్రాసినారు. ఉధ్నా తల్లి బిడ్డ రేపు కలము పట్టినచో ఏ లిపిలో వ్రాయునో చెప్పలేము. ఆ వ్రాత గుజరాతీలో నున్నచో, దానిని చదువలేని మొదటి వ్యక్తి ఆ తల్లియే కావచ్చును.