కఠిన జలము – గాజుతొట్టెలోని చేపలు

ముదిగుబ్బ బోరునీటిలో సబ్బు రుద్దినచో నురుగు త్వరగా రాదు. నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టును. తెలుగు ఇండ్లలో దీనిని ఉప్పునీరనియు, ఉర్దూ మాట్లాడు ఇండ్లలో ఖారా పానీ అనియు అందురు. శాస్త్రము దీనిని కఠిన జలమనును.

మా యింట ఈ నీటితోనే గాజుతొట్టెలో చేపలను పెంచితిమి. నీటిని మృదువుగా చేయదలచి, పాఠములో చదివినట్లు నేను చాకలి సోడా కలిపితిని. మరునాటి ఉదయమునకు చేపలన్నియు చచ్చి పైకి తేలియుండెను. పాఠము తప్పు కాదు. దానిని నేను వాడిన చోటు తప్పు.

రాళ్ళ సందులలో నిలిచిన నీరు కాల్షియము, మెగ్నీషియము లవణములను కరిగించుకొనుటచే కఠినమగును. బైకార్బొనేట్ల వలన కలుగునది తాత్కాలిక కాఠిన్యము, కాచిన పోవును. సల్ఫేట్లు, క్లోరైడుల వలన కలుగునది శాశ్వత కాఠిన్యము, కాచినను పోదు. చాకలి సోడా రెంటిని తొలగించును గాని నీటి క్షారగుణమును హెచ్చించును. అప్పుడు చేపల విసర్జనము నుండి పుట్టిన అమ్మోనియా మరింత విషమగును. పటిక మురికిని పేర్చునే గాని కాఠిన్యమును తీయదు. ఇండ్లలో అమర్చు సాఫ్ట్‌నర్ యంత్రము కాల్షియమునకు బదులు సోడియమును చేర్చును, లవణభారము తగ్గదు.

కావున చేపలకు తగిన మార్గము మిశ్రమము. ముందుగా బోరునీటి కాఠిన్యమును కళాశాల ప్రయోగశాలలో ఇ.డి.టి.ఏ. టైట్రేషనుచే తెలిసికొనవలెను. అది లీటరునకు 450 మిల్లీగ్రాములని తేలినదనుకొందము. వాననీటిలో కాఠిన్యము దాదాపు శూన్యము. ఒక పాలు బోరునీటికి రెండు పాళ్ళు వాననీరు కలిపినచో 150 అగును. తొలివాన నీటిని విడిచి, తరువాతి నీటిని శుభ్రమైన మిద్దె నుండి పట్టవలెను. వాన లేనప్పుడు ఆర్.ఓ. నీరు వాడవచ్చును. అయితే కేవలము వాననీటిలోనే చేపలను ఉంచరాదు. వాటికి కొంత లవణము అవసరము. తొట్టెనీటిని ఒకేసారి మార్చక, వారమునకు అయిదవ వంతు చొప్పున మార్చవలెను.

మన ఎండలలో మరియొక చిక్కు కలదు. తొట్టె నుండి నీరు మాత్రమే ఆవిరియగును, లవణములు మిగులును. తగ్గినంత బోరునీరు పోయుచుండినచో కాఠిన్యము నానాటికి పెరుగును. ఆ కొరతను వాననీటితోనే తీర్చవలెను.

అన్నిటికంటె సులభమైనది నీటికి తగిన చేపను ఎన్నుకొనుట. గప్పీ, మోలీ చేపలు కఠిన జలములో చక్కగా బ్రతుకును. అమెజాను ప్రాంతపు మృదుజలములలో పుట్టిన నియాన్ టెట్రా అట్లు కాదు.

ప్రయోగశాలలో పరీక్షనాళికలోని నీరు పాడైనచో పారబోసి మరల మొదలిడవచ్చును. తొట్టెలోని నీటిలో ప్రాణమున్నది. కొలిచి, కలిపి, ఓపికతో మార్చుటయే అచ్చట శాస్త్రము.