అధికారి భోజనము

పాఠ్యభాగము: నెహెమ్యా 5:14–18

శాసనసభ్యులకును పార్లమెంటు సభ్యులకును జీతము చాలదనియు, గనుక పదవిని బట్టి వచ్చు పై రాబడి తప్పు కాదనియు కొందరు చెప్పుదురు. పార్లమెంటు సభ్యుని నెల జీతము 2023 ఏప్రిల్ నుండి 1,24,000 రూపాయలు, భత్యములు వేరు.

నెహెమ్యాకు ఖర్చు తక్కువా? దినమునకు ఒక ఎద్దు, ఆరు గొఱ్ఱెలు. బల్లయొద్ద 150 మంది. అధికారికి రావలసిన భోజనపు సొమ్ము ఆయన హక్కే. అయినను 12 సంవత్సరములు దాని ముట్టలేదు. రాజు పన్నుకు అప్పుచేసిన జనులు ఎదుట నుండగా ఆ కూడు ఆయనకు గొంతు దిగలేదు. ముందటి అధికారులు 40 తులముల వెండియు తీసికొనిరి. వారి పనివారు సహితము జనులపై పెత్తనము చేసిరి. (మన ఊళ్లలోను నాయకునికంటె ఆయన బావమరిదికే ఎక్కువ భయపడుదుము.)

పనివాడు జీతమునకు పాత్రుడే. చాలనియెడల సభలో బహిరంగముగా అడుగవచ్చును. సొంత పొలము పంటను ఎవరు తప్పుపట్టుదురు? అయితే రొయ్యల గుంటల యజమాని సభ్యుని కుమారునికి ఊరకే భాగమిచ్చినయెడల, ఆ పదవి లేకున్నను ఇచ్చునా? ప్రశ్నలడుగుటకు డబ్బు పుచ్చుకొనిరని 2005 డిసెంబరులో 11 మందిని పార్లమెంటు నుండి వెలివేసిరి. వారికిని జీతము వచ్చుచునే యుండెను. మన జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభ సభ్యుడై సైకిలుమీద పార్లమెంటుకు పోయెను. ఆయన మన సంఘపువాడు కాడు.

మందిరపు పైకప్పుకు చందా కొరకు నాయకుని వాకిట నిలుచు పెద్దలారా, ఆయన దానిని జీతములోనుండి ఇచ్చుచున్నాడా అని ఎన్నడైన అడిగితిరా?